ఇరవై ఆరేళ్లకు మొదలైన నాట్యం గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ప్రొతిమా బేడీ గురించి అర పేజీ వ్యాసం చదివాను. మోడల్‌గా ఆమె వెలిగిన రోజులు, నటుడు కబీర్ బేడీతో పెళ్లి, విడిపోవడం, 1974 నాటి బొంబాయి నగ్న ఫొటో వివాదం, వీటితోనే స్థలమంతా నిండిపోయింది. తర్వాత ఒడిస్సీ నాట్యం నేర్చుకుని నృత్యగ్రామం అనే నాట్య గురుకులం స్థాపించారని చివర్లో ఒక్క వాక్యం. ఇరవై మూడేళ్ల నాట్య జీవితానికి ఒక్క వాక్యమా? తిరుపతిలో చాలాకాలంగా కూచిపూడి నేర్పుతున్నదాన్ని. ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రొతిమా 1948లో ఢిల్లీలో పుట్టారు. అరవైల చివరికి పేరున్న మోడల్. 1975 ఆగస్టులో బొంబాయిలోని భూలాభాయ్ స్మారక సంస్థలోకి అనుకోకుండా అడుగుపెట్టినప్పుడు అక్కడ ఇద్దరు యువ కళాకారులు ఒడిస్సీ చేస్తున్నారు. అంతే, ఆమె దారి మారిపోయింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఆరు, ఇద్దరు పిల్లల తల్లి. కటక్ వెళ్లి గురువు కేలుచరణ్ మహాపాత్ర దగ్గర శిష్యరికం మొదలుపెట్టారు. రోజుకు పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు సాధన చేసేవారు.

ఆ వయసులో శరీరాన్ని ‘చౌక’ అనే భంగిమలో నిలపడమంటే ఏమిటో నేర్పేవాళ్లకు తెలుసు. ఒడిస్సీలో చౌక మన కూచిపూడిలో మోకాళ్లు వంచి నిలబడే అరమండి కంటే వెడల్పుగా ఉంటుంది. పాదాలు ఎడంగా, మోకాళ్లు పక్కలకు, బరువు రెండు వైపులా సమానంగా ఉండాలి. ఎనిమిదేళ్ల పాపకు తుంటి కీళ్లు సులువుగా తెరుచుకుంటాయి. పెద్దవాళ్లకు తొడలు వణుకుతాయి, మడమలు నొప్పి పుడతాయి, రెండో వారానికే మోకాలు మొండికేస్తుంది. ఇక త్రిభంగి. మెడ, నడుము, మోకాలు మూడు చోట్లా వంపు తిరగాలి. కెమెరా ముందు నిటారుగా నిలబడటం మరిగిన వెన్ను దానికి లొంగడానికి ఎంత కాలం పట్టి ఉంటుందో! ఆ శ్రమను పక్కనపెట్టి పాత ఫొటోనే చూపిస్తే ఆమె గురించి చెప్పినట్టు కాదు.

అభినయం కోసం ఆమె మద్రాసులో కళానిధి నారాయణన్ గారి దగ్గర చేరారు. ఆ గురువు కథ కూడా మీ పాఠకులకు తెలియాలి. చిన్నప్పుడే నాట్యం నేర్చిన కళానిధి గారు 1940లలోనే దాన్ని వదిలేశారు. దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత, 1973లో, మళ్లీ చేపట్టారు. అభినయం నేర్పడంలో దేశమంతా గౌరవించే గురువయ్యారు, 1985లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆలస్యంగా వచ్చిన శిష్యురాలికి, ఆలస్యంగా తిరిగొచ్చిన గురువు దొరికారు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, బైరాగిపట్టెడలో నా తరగతికి పిల్లలను తీసుకొచ్చే తల్లులు గుమ్మం దగ్గర కూర్చుని చేతులతో ముద్రలు పట్టి చూసుకుంటూ ఉంటారు. నేను చూస్తే చేతులు కొంగులో దాచుకుంటారు. వాళ్లలో ఒక నర్సు కిందటేడాది ధైర్యం చేసి అడిగింది, "మేడం, నాకు ముప్ఫై ఒకటి. నేర్పిస్తారా?" అని. చేర్చుకున్నాను. ఈ వయసులో గజ్జెలేమిటని ఇంట్లోనూ వీధిలోనూ అన్నవాళ్లు ఉన్నారు. రాత్రి డ్యూటీ లేని రోజుల్లో ఇప్పటికీ వస్తోంది. పిల్లల కంటే ఆమెకు అడుగులు ఆలస్యంగా పట్టుబడుతున్నాయి, నిజమే. కానీ అన్నమయ్య పదంలో నాయిక అలకను ఆమె పట్టుకున్నట్టు నా దగ్గర ఏ పిల్లా పట్టుకోలేదు. అరంగేట్రం చేసిన పిల్లలను కూడా కలుపుకొనే ఈ మాట అంటున్నాను.

ప్రొతిమా తన నాట్యంతోనే ఆగిపోలేదు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన పదెకరాల్లో నృత్యగ్రామాన్ని నెలకొల్పారు. అది 1990లో ప్రారంభమైంది. జెరార్డ్ డా కున్హా రూపకల్పన చేసిన కట్టడాల్లో గురువు, శిష్యులు కలిసి ఉంటూ నేర్చుకునే పద్ధతి. సురూపా సేన్, బిజయినీ సత్పతి వంటి వాళ్లు అక్కడే ఎదిగి ప్రపంచ వేదికలకు వెళ్లారు. అక్కడ 2004 వరకు ఫిబ్రవరిలో జరిగిన వసంత హబ్బ అనే ఉత్సవానికి ఒకసారి మా స్నేహితురాళ్లతో కలిసి తిరుపతి నుంచి బస్సులో వెళ్లాను. ఉత్సవానికి టికెట్టు లేదు. చలిలో శాలువాలు కప్పుకుని, పల్లె జనం పక్కనే, తెల్లవార్లూ సంగీతమూ నాట్యమూ చూశాం. పేదవాళ్లూ చంటిపిల్లల తల్లులూ అంత దగ్గరగా కూర్చుని శాస్త్రీయ నాట్యం చూడటం నేను మరెక్కడా ఎరగను.

1997లో ఆమె కుమారుడు సిద్ధార్థ్ చనిపోయాడు. ఆ తర్వాత నృత్యగ్రామాన్ని శిష్యులకు అప్పగించి హిమాలయాల బాట పట్టారు. 1998 ఆగస్టులో కైలాస మానససరోవర యాత్రలో మాల్పా దగ్గర కొండచరియలు విరిగిపడి చనిపోయినవాళ్లలో ఆమె కూడా ఉన్నారు. యాభై ఏళ్లైనా నిండలేదు.

సంపాదకులకు నా విన్నపం ఇది. ఆమె గురించి మరో వ్యాసం వేయండి, ఈసారి కటక్ నుంచి మొదలుపెట్టండి. మన తిరుపతిలో పెళ్లయ్యాక, ఉద్యోగంలో చేరాక నాట్యం మొదలుపెట్టిన ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లతోనూ మాట్లాడి రాయండి.

మహతి ఆడిటోరియంలోనూ అన్నమాచార్య కళామందిరంలోనూ కార్యక్రమాలు జరిపే సంస్థలకు కూడా ఒక మాట. పోటీల ప్రకటనల్లో వయోపరిమితి పదహారుతో ఆపకండి. పెద్ద వయసులో నేర్చుకుంటున్నవాళ్లకు ఒక అరగంట కేటాయించండి. పాఠశాలల యాజమాన్యాలు సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగా ఉండే హాలును వారానికి రెండు రోజులు ఇవ్వగలిగితే ఎంతో మేలు. చెక్క నేల ఉన్న హాలు అయితే మరీ మంచిది. గ్రానైటు, టైల్సు మీద అడుగులు వేస్తే ముప్ఫై దాటిన మోకాళ్లు తట్టుకోలేవు, తొలి నెలలోనే చాలామంది మానేసేది అందుకే.

ఇట్లు,
ఒక కూచిపూడి ఉపాధ్యాయురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.