స్టేషన్ నుంచి తిరిగొచ్చిన తుపాకీ ఎందుకు ఇరుక్కుంటోంది?

సంపాదకులు గారికి నమస్కారం.

ఎన్నికలు వచ్చాయంటే లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. అందులో తప్పేమీ లేదు. గజపతి జిల్లా కాశీనగర్ వైపు కొండవార పల్లెల్లో పంట కాపలాకి తుపాకీ ఉన్న రైతులం 2024 ఎన్నికలప్పుడు కూడా అడగ్గానే ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. మార్చిలో కోడ్ వచ్చింది. జూన్‌లో ఫలితాలు వెలువడ్డాక గానీ అవి మళ్లీ చేతికి రాలేదు. అప్పటికి తొలకరి పడింది, పందులు చేలల్లోకి దిగాయి. రెండు గొట్టాల తుపాకులవాళ్లు తుప్పు తుడుచుకుని సర్దుకున్నారు. సెమీ ఆటోమేటిక్, అంటే ఒకటి పేలగానే తర్వాతి తోటాని తనే ఎక్కించుకునే తుపాకీ ఉన్న నాలాంటి ఒకరిద్దరికే చిక్కు వచ్చింది. ఒక తోటా పేలుతుంది, ఖాళీ డొప్ప సగం బయటకొచ్చి అక్కడే బిగుసుకుపోతుంది.

ఆ తర్వాత మా ఊళ్లలో దానికి జరుగుతున్న వైద్యం చూస్తే భయమేస్తోంది. పక్క చేను రైతు, నాకు వరసకు బావ, గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్టు సందులో స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తున్నాడు. లోపల పేలని తోటా ఉంది, గొట్టం పశువుల శాల వైపు ఉంది. ఆపమంటే "ఇదెలాగూ చచ్చింది కదా బావా" అన్నాడు. అంతకుముందే వెల్డింగ్ షాపులో డొప్పని పట్టి లాగే కొక్కేన్ని ఆకురాయితో అరగదీయించాడట. ఆ కొక్కెం కింద మురికి ఉంది తప్ప కొక్కెంలో లోపం లేదు. మాలాంటి మామూలు లైసెన్సుదారులకి విదేశీ తుపాకుల దిగుమతి ఆగి దశాబ్దాలైంది, ఇప్పుడా ముక్క ఎక్కడ దొరుకుతుంది?

నాది మా నాన్నగారి పేరు మీద నుంచి నాకు మారిన బెల్జియం బ్రౌనింగ్ ఆటో-5. 1902 నుంచి తయారైన రకం. పేలగానే గొట్టం, బోల్టు రెండూ కలిసి వెనక్కి వస్తాయి. గొట్టం ముందు తన చోటికి పోతుంది, డొప్ప ఎగిరి పడుతుంది, ఆనక బోల్టు కొత్త తోటాని తోసుకుంటూ మూసుకుంటుంది. ఈ రాకపోకలో ఎక్కడ జిడ్డు పేరుకున్నా, ఎక్కడ తుప్పు గరుకు తేలినా తుపాకీ మధ్యలో ఆగుతుంది. విరిగింది అనుకునే ముందు కడగాలి.

ముందుగా తోటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టాలి. తోటా కూర్చునే చాంబర్‌లోకీ, మిగతా తోటాలు వరసగా ఉండే మ్యాగజైన్ గొట్టంలోకీ కళ్లతో చూడాలి, వేలు పెట్టి కూడా చూడాలి. గొట్టం విప్పి వెలుతురుకి పట్టి అటునుంచి ఇటు చూడాలి. స్టేషన్ గోడకి చేరేసిన నా తుపాకీ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. కర్రతో పొడిస్తే గట్టి మట్టి బెడ్డలు రాలాయి. చూడకుండా ఒక్క తోటా కాల్చి ఉంటే గొట్టం పగిలేది, గొట్టం కింద ఉండే ముందు చెక్కని పట్టుకున్న ఎడమచేయి దాని పక్కనే ఉంటుంది.

చాంబర్‌ని కంచు బ్రష్‌తో తిప్పుతూ తోమాలి. గొట్టం ఎంత మెరిసినా చాంబర్‌లో సన్నటి తుప్పు వలయం ఉంటే పేలిన డొప్ప దానికి కరుచుకుంటుంది. కొక్కెం కింద పుల్లతో తీయండి, నల్లటి మసి వస్తుంది. భుజానికి ఆనించే కుందా లోపల బోల్టుని ముందుకి నెట్టే స్ప్రింగు ఒకటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఏళ్ల తరబడి పోసిన కొబ్బరినూనె, ఆముదం అక్కడే బంకగా మారి బోల్టు నీరసంగా మూసుకుంటుంది. వంటనూనె ఏదీ తుపాకీకి పనికిరాదు. కిరసనాయిలుతో కడిగి, బాగా ఆరాక కుట్టు మిషన్ ఆయిల్ గుడ్డకి అద్ది పలచగా రాస్తే చాలు. కుందా విప్పడం చేతకాకపోతే లైసెన్స్ ఉన్న తుపాకీ మేస్త్రీకి ఇవ్వండి.

ముందు చెక్క తీసినప్పుడు దాని లోపల, గొట్టం వెనక్కి వచ్చే జోరుని తగ్గించే స్ప్రింగు, రింగుల వరస గుర్తు పెట్టుకోవాలి. జోరు ఎక్కువున్న గట్టి తోటాలకి ఉక్కు రింగు ఆ స్ప్రింగుకీ కంచు ముక్కకీ మధ్య, ఏటవాలు అంచు కంచు వైపుకి ఉండాలి. తేలిక తోటాలకి ఆ రింగు స్ప్రింగు అడుగున, బోల్టు పెట్టె వైపుకి రావాలి. గట్టి వరసలో ఉంచి తేలిక తోటా కాలిస్తే గొట్టం పూర్తిగా వెనక్కి రాదు, డొప్ప ఇరుక్కుంటుంది. తేలిక వరసలో ఉంచి గట్టి తోటా కాలిస్తే ముందు చెక్క చీలుతుంది.

తోటాల సంగతీ చూడాలి. వానాకాలం చెమ్మకి కాగితం డొప్పలు ఉబ్బుతాయి, ఇత్తడి పచ్చబారుతుంది. విడిగా తీసిన గొట్టం చాంబర్‌లో తోటా తన బరువుకి తనే దిగాలి, వంచితే జారి రావాలి. లేకపోతే పక్కన పెట్టేయండి. పేలిన చప్పుడు నీరసంగా వినిపిస్తే అక్కడికక్కడ ఆపి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టం చూడందే రెండోది కాల్చకూడదు. పేలని తోటా లోపల బిగిస్తే పెకలించొద్దు. గొట్టం మట్టిగట్టు వైపు పట్టి, మేస్త్రీని పిలిపించండి.

పందిని చంపడానికి 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారుల అనుమతి ఉండి తీరాలి. అది లేకుండా వేటకి పోయేవాళ్ల కోసం నేనిదంతా రాయడం లేదు.

అధికారులకి నా మనవి ఒకటే. వచ్చే పంచాయతీ ఎన్నికలకి మళ్లీ తుపాకులు తీసుకునేటప్పుడు చెమ్మ గోడకి చేరేయకుండా చెక్క బల్ల మీద పెట్టించండి. గొట్టం మూతికి గుడ్డ చుట్టించండి. నెలకోసారి కానిస్టేబుల్ ఎదుటే యజమానిని తుడుచుకోనివ్వండి. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర కూడా డిపాజిట్ చేసే వీలుంది. ఆ మాట మా పల్లెల్లో ఎవరికీ తెలియదు. స్టేషన్ నోటీసు బోర్డు మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాసి పెట్టించండి.

— ఒక రైతు, కాశీనగర్ ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా