రైతుబజార్ సంచి సంగతి

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు అమ్మకి ఫోన్ చేసి చెప్పిందంతా నేనూ విన్నా, స్పీకర్‌లో పెట్టింది, కోప్పడకు. ఆఫీస్ క్యాబ్‌లో గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరాడక మధ్యలోనే దిగిపోయి ఫుట్‌పాత్ మీద కూర్చున్నానన్నావు చూడు, ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అమ్మ గ్యాస్ అంది, జీలకర్ర నీళ్లు తాగమంది. నేను ఫోన్‌లో చెప్దామంటే అమ్మ మధ్యలో దూరుతుంది, అందుకే రాస్తున్నా.

హుద్‌హుద్ తుఫాను మన వైజాగ్ మీదకి వచ్చినప్పుడు నువ్వు ఆరో క్లాసు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. కిటికీ రెక్కలు ఊడొస్తుంటే నేనూ అమ్మా మంచం అడ్డంపెట్టి పట్టుకున్నాం, నువ్వు బాత్రూమ్‌లో మామ్మ ఒళ్లో ఉన్నావు. నిజం చెప్తున్నా, ఆ రోజు నాకు భయమెయ్యలేదు. సంక్రాంతి కూడా వెళ్లిపోయాక ఒకరోజు గాజువాక నుంచి వస్తుంటే ఎన్ఏడీ దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగింది, గాలీ లేదు వానా లేదు, ఒక్కసారి గుండె నోట్లోకొచ్చినట్టయ్యి చొక్కా తడిసి ముద్దయిపోయి ఇంక నా పని అయిపోయిందనుకున్నా. కండక్టరే నీళ్లిచ్చి దింపాడు. ఈసీజీ నార్మల్. ఒక క్లినిక్‌లో గ్యాస్ మాత్ర రాసి పంపేశారు. వారానికే మళ్లీ వచ్చింది. నెలలో మూడు ఈసీజీలు తీయించా, మూడూ నార్మలే, నార్మల్ అన్నకొద్దీ నాకు ఇంకా భయం, వీళ్లకి దొరకని రోగమేదో ఉందని. బస్సెక్కడం మానేశా. ఎక్కడికెళ్లినా స్కూటరే, "నాన్నకి బస్సు పడదు" అని నువ్వు అందరికీ చెప్పేదానివి కూడా.

ఆఖరికి ఆ ఈసీజీ తీసే కుర్రాడే, సార్ మీకు గుండె బానే ఉంది, ఓసారి చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్లండి అన్నాడు. మన ఊళ్లో ఎవడ్నైనా వెక్కిరించాలంటే ఆ పేరే కదా వాడతాం, వాడి చెంప పగలగొడదామనిపించింది. అయినా వెళ్లా. ఓపీ చీటీ పట్టుకుని తలొంచుకు కూర్చున్నా, కాసేపటికి తలెత్తితే మెళ్లో ఆఫీస్ ఐడీ కార్డుతో ఒకాయన, వాళ్లమ్మతో వచ్చిన ఇంటర్ పిల్ల, ఒక ముసలాయన, నేననుకున్నట్టు ఎవరూ లేరు. మీకు తెలీకూడదని తిరుగొచ్చేటప్పుడు ఎంవీపీ రైతుబజార్‌లో ఆగి సంచి నింపుకొచ్చేవాడిని. మాత్రలు సంచి అడుగున, పైన దొండకాయలు. ఆ ఏడాదంతా మనింట్లో దొండకాయ వేపుడేంటని నువ్వు ఏడ్చేదానివి, అదీ సంగతి.

దీన్ని పానిక్ ఎటాక్ అంటారని డాక్టరమ్మ చెప్పింది. దొంగ లేకుండానే కుక్క మొరిగినట్టు అంది, దొంగ లేడు గానీ మొరగడం మాత్రం నిజమే. అడ్రినలిన్ ఎక్కువై గుండె పరిగెడుతుంది, మనం గబగబా ఊపిరి పీలుస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, నీ వేళ్లు తిమ్మిరెక్కిందీ కళ్లు తిరిగిందీ అందుకే. సాధారణంగా పది నిమిషాల్లోపు బాగా పెరిగి తర్వాత దానంతటదే దిగిపోతుంది. నేను ఒకసారి వంటింట్లో గట్టు పట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డా, ఎనిమిది నిమిషాలకి తగ్గడం మొదలైంది, అంతకుముందైతే గంట అనుకునేవాడిని. గాలి ఎక్కువ పీల్చకు, నెమ్మదిగా బయటికి వదులు.

అసలు చిక్కు ఎటాక్‌తో కాదమ్మా, మళ్లీ వస్తుందేమో అన్న భయంతో, ఆ భయంతో మనం ఒక్కోటీ మానుకుంటూ పోతాం చూడు, అక్కడ. రేపట్నుంచి క్యాబ్ ఎక్కను, వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగుతా అన్నావే, నాకు అక్కడే గుచ్చుకుంది. నా బస్సు కూడా అలాగే పోయింది.

ముందు ఈసీజీ, థైరాయిడ్, రక్తం టెస్టులు చేయించు, గుండెనొప్పిని నేను చెప్పాను కదా అని తేలిగ్గా తీసుకోకు. అవి బాగుంటే సైకియాట్రిస్ట్. మాత్రలు ఇస్తే వెంటనే పనిచెయ్యట్లేదని తిట్టుకోకు, సరిగ్గా పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కొంచెం వికారంగా కూడా ఉండొచ్చు. రెండు నెలలకి బాగైపోయాననుకుని నా అంతట నేనే ఆపేశా, మళ్లీ మొదటికొచ్చింది, ఆ తెలివి నువ్వు చూపించకు. నిద్రమాత్రలు మాత్రం ఫ్రెండ్స్ దగ్గర తీసుకుని వేసుకోవద్దు, అలవాటైపోతాయి. కౌన్సెలింగ్ అంటే ఊరికే కబుర్లని నేనూ అనుకున్నా, కానీ నన్ను మళ్లీ బస్సెక్కించింది అదే. మొదటిరోజు ఒక్క స్టాప్, తర్వాత రెండు, అలా ఎన్ఏడీ దాకా.

ఇది ఆఫీస్‌లో ప్రాజెక్ట్ రిలీజ్ టైమ్‌లో వచ్చే మామూలు టెన్షనైతే పని అయ్యాక తగ్గాలి. రెండు వారాలు దాటి కూడా ఏదీ చెయ్యబుద్ధి కాకపోయినా, తిండీ నిద్రా పాడైనా అది వేరే సంగతి, డిప్రెషన్ కావచ్చు, అదీ డాక్టర్‌కి చెప్పు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం నాకు టైమ్ చూడకుండా ఫోన్ చెయ్. నాతో మాట్లాడాలనిపించకపోతే 14416, టెలీమానస్, గవర్నమెంట్‌దే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రైనా ఎత్తుతారు. ఆఫీస్‌లో చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం.

శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నా, శనివారం పొద్దున్నే దిగుతా. డాక్టర్ దగ్గరికి లోపలికి రావాలా బయట కూర్చోవాలా నువ్వే చెప్పు. అమ్మకి ఇవాళ రాత్రి అన్నం దగ్గర నేనే చెప్పేస్తా, దొండకాయల సంగతితో సహా.

నాన్న