డిక్కీలో పడుకుని మా కారు చప్పుడు విన్న పెద్దాయనకి కృతజ్ఞతలు

రాత్రి పన్నెండు దాటింది. పలాసలో చెల్లి అత్తారింటి మేడ మీద కూర్చుని రాస్తున్నాను. సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ళలో టైరు నలుపు పోలేదు. ఒళ్ళంతా నొప్పులు, అయినా నిద్ర రావడం లేదు. రాసేస్తే వస్తుందేమో.

రేపు చెల్లి సీమంతం. సారె పట్టుకుని విజయనగరం నుంచి కారులో బయల్దేరాం. అమ్మ, పెద్దమ్మ, మావయ్య, డ్రైవింగు నేను. డిక్కీలో రెండు డబ్బాల అరిసెలు, సున్నుండలు, చలిమిడి, ఇత్తడి బిందె, పాతిక కేజీల బియ్యం బస్తా.

కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అంతకుముందు వాడిన కుర్రాడు స్టైలు కోసం దాన్ని నేలకి దించేసి, అలాయ్ చక్రాలు, వెడల్పాటి టైర్లు వేయించాడు. చూడ్డానికి బాగుందని మేమూ మురిసిపోయాం, అబద్ధం ఎందుకు. కొన్న వారానికే వెనకనుంచి చప్పుడు మొదలైంది. గోనెసంచిని గచ్చు మీద ఈడ్చినట్టు జుర్రుమని వచ్చి ఆగిపోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం రాదు.

మూడు నెలల్లో మూడు చోట్ల చూపించాను. ఒకచోట వీల్ బేరింగ్ పోయిందని 3,400 రూపాయలు తీసుకుని మార్చారు. ఇంకోచోట అలైన్‌మెంట్ చేశారు. మూడోచోట ఒకాయన ఖాళీ కారు ఒక రౌండు తిప్పుకొచ్చి, నన్ను వదిలేసి మా ఆయనతో అన్నాడు, "మేడంకి డ్రైవింగు కొత్త కదండీ, అలాగే అనిపిస్తుంది" అని. ఆ తర్వాత చప్పుడు వచ్చినా ఇంట్లో చెప్పడం మానేశాను.

ఇవాళ నరసన్నపేట దాటాక సర్వీసు రోడ్డులో రంగు లేని స్పీడ్ బ్రేకర్ ఒకటి చివరి నిమిషంలో కనబడింది. ఈసారి చప్పుడు పొడుగ్గా వచ్చింది, వెంటనే రబ్బరు కాలిన వాసన. ఎదురుగా పంక్చర్ షాపు ఉంటే ఆపేశాను. షాపు పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. "ఏటైందమ్మా?" అన్నారు. చెప్పి, అలవాటు కొద్దీ "నా భ్రమ కూడా కావచ్చు లెండి" అని కలిపాను.

"భ్రమేటమ్మా? రోజూ తోలే మనిషికి వినిపించిందంటే ఉన్నట్టే."

తర్వాత అడిగారు. ఒక్కరే ఉన్నప్పుడు వస్తుందా, నలుగురు ఎక్కితేనా? మలుపులోనా, గతుకులోనా? వేగం పెరిగే కొద్దీ పెరుగుతుందా? బేరింగు పోతే వేగంతో పాటు కూత పెరుగుతుందట, గతుకుతో దానికి పని లేదట. ఇంత చిన్న ప్రశ్నలు 3,400 తీసుకున్నవాళ్ళు అడగలేదు.

మావయ్య దిగబోతుంటే ఆపేశారు. "బరువు తగ్గితే సప్పుడు దాక్కుంటాది, మీరు కదలకండి." వెనక షెల్ఫు ఊడదీసి, బస్తా పక్కకి జరిపి, సారె డబ్బాల మధ్య డిక్కీలోకి ఎక్కి ముడుచుకుని పడుకున్నారు. కుడి చక్రం పైనున్న రేకుకి చెవి ఆనించి "నెమ్మదిగా తోలండి" అన్నారు. వద్దండీ అంటున్నా వినలేదు. ఆ స్పీడ్ బ్రేకర్ మీదుగా రెండుసార్లు వెళ్ళొచ్చాను. దిగేసరికి ఆయన జుట్టు నిండా సున్నుండల పిండి. డబ్బా మూత ఊడినట్టుంది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది, నడిరోడ్డు మీద. "దొరికింది కదమ్మా, ఇంకెందుకు ఏడుపు" అన్నారాయన, కంగారుగా.

ఆ తర్వాత సుద్దముక్కతో టైరు బయటి అంచుకి తెల్లగా పూసి మళ్ళీ ఒకసారి తోలమన్నారు. రెండు వేళ్ళ మందాన సుద్ద చెరిగిపోయింది, ఆ తెలుపు ఫెండర్, అంటే చక్రం పైనున్న రేకు, లోపలి అంచుకి అంటుకుంది. నా వేలు పట్టుకుని టైరు మీద పెట్టించారు. బ్లేడుతో గీరినట్టు సన్నటి గాట్లు. ఫోను లైటు వేసి చూపిస్తే, కుడి స్ప్రింగు ఒక చుట్టు కోసేసి ఉంది, కారు మరీ కుంగకుండా ఆపే బంప్ రబ్బరు అసలు లేదు. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద టైరు కొలత 165/80 ఆర్14 అని (మొదటి అంకె వెడల్పు) ఉంటే, కారుకి ఉన్నవి 195/60 ఆర్15. ఎత్తు దాదాపు అంతే గానీ వెడల్పు 30 మిల్లీమీటర్లు ఎక్కువ. బరువు పడి కారు కుంగగానే టైరు అంచు వెళ్ళి రేకుకి తగిలి కోసుకుపోతోంది. స్టెప్నీ మాత్రం కంపెనీ ఇచ్చిన సన్న టైరే. అది కుడి వెనక వేసి, మావయ్యని ముందు సీట్లోకి మార్చి, బస్తా షాపులో దింపించి, అరవై దాటొద్దు, ఇంటికెళ్ళాక స్ప్రింగులు, టైర్లు పాతవే వేయించండి అని పంపించారు. ఐదు వందలు ఇస్తే, స్టెప్నీ మార్చినందుకు వంద ఉంచుకుని నాలుగు వందలు లెక్కపెట్టి చేతిలో పెట్టారు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. కంపెనీ వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఈ కారు ఆర్‌సీ నా పేరుకి మారేటప్పుడు కాగితాలన్నీ చూశారు, బండి వైపు ఒక్కరూ వంగి చూడలేదు. స్పీడ్ బ్రేకర్ కొలత కూడా రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసి పెట్టింది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మన దగ్గర వేసేవి గోడల్లా ఉంటాయి, తెల్లచారలు కూడా ఉండవు. తప్పు మాత్రం తోలేవాళ్ళదే.

అమ్మ, పెద్దమ్మ, మావయ్య, ఫోన్లో గంటకోసారి కనుక్కున్న మా ఆయన... మీకు వేరే చెప్పాలా.

అయ్యో, మర్చిపోయాను. మా కారులో వీల్ స్పానరు లేదు, షాపులోది ఎవరో పట్టుకెళ్ళారట. ఒడిశా నంబరు లారీ ఆపి తనది ఇచ్చి, పనయ్యేదాకా ఆగిన డ్రైవరు అన్నయ్యకి థాంక్స్. సుద్దముక్క కోసం పరుగెత్తి స్కూలు బ్యాగు వెతికిన పిల్లాడికి కూడా. కొబ్బరిబొండాల ఆవిడ అమ్మకి నీళ్ళిచ్చి, వాళ్ళింట్లో బాత్రూమ్ చూపించి, మావయ్యకి కుర్చీ వేసింది. ఆ కుర్చీ మావయ్య బరువుకి విరిగిపోయింది. డబ్బులు వద్దంది. ఎల్లుండి బియ్యం బస్తా కోసం మళ్ళీ అక్కడ ఆగుతాం, కొత్త కుర్చీ పలాసలోనే కొనుక్కుని వస్తున్నామమ్మా.