ఆధార్ చూపినా ‘ఏ దేశం?’ అంటారా?

సంపాదకునికి,

హైదరాబాద్‌లో సెలూన్లు, హోటళ్లు, ఐటీ ఆఫీసులు, ఎక్కడ చూసినా ఈశాన్య రాష్ట్రాల పిల్లలు కనిపిస్తారు. అద్దె ఇంటికి వెళ్తే మాత్రం ఆధార్ చేతిలో ఉన్నా “మీది ఏ దేశం?” అనే అడుగుతారు. టోక్యోలో రజతం తెచ్చిన మీరాబాయి చాను ‘మన అమ్మాయి’. అదే మణిపూర్ నుంచి వచ్చిన నర్సు వీధిలో నడిస్తే ‘చింకీ’ అని ముఖాన్ని ఎగతాళి చేసే తిట్టు.

సరదాకి అన్నామంటారు. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా జుట్టును వెక్కిరించడంతో మొదలైన గొడవ అతని ప్రాణం తీసింది. తర్వాత వేసిన బెజ్‌బరువా కమిటీ, జాతి పేరుతో అవమానించడాన్ని శిక్షించే ప్రత్యేక సెక్షన్లు ఐపీసీలో చేర్చమంది. చేర్చలేదు. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి జాతి కారణంగా హత్య చేస్తే ప్రత్యేక నిబంధన ఉంది. వీధిలో విసిరే మాటకు కమిటీ అడిగిన సెక్షన్ మాత్రం రాలేదు.

మా పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరే నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ సైనికుల వారసులైన సిద్దీలు తరతరాలుగా హైదరాబాదీలే. సిద్దీలు, యెమెన్ అరబ్బులు తెచ్చిన మర్ఫా వాద్యం మోగితే బరాత్‌లో అందరం చిందేస్తాం. ముఖం చూసి ఊరు తేల్చేవాళ్లు ఈ నగరంలోనే ఉండటం నాకు వింతగా ఉంటుంది.

ఢిల్లీ పోలీసులు ఈశాన్య ప్రజల కోసం 1093 హెల్ప్‌లైన్ పెట్టారు. ఇక్కడి స్టేషన్లలో కనీసం, బాధితులు విన్న తిట్టును విన్నట్టుగా ఫిర్యాదులో రాసుకోవాలి. ‘చిన్న గొడవ’ అని రాజీ చేసి పంపొద్దు.

– ఒక పాఠకురాలు, మాసబ్ ట్యాంక్, హైదరాబాద్