రామప్ప చుట్టూ కూలుతున్న గుళ్లు
ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప చెరువు పరిసరాల్లోని పల్లె దారుల వెంట ఉన్న కాకతీయుల కాలపు చిన్న గుళ్లు ఆలనాపాలనా లేక శిథిలమవుతున్నాయి. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ప్రధానాలయం రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కాక సందర్శకుల రాక పెరిగిన మాట నిజమే గాని, వాహనాలన్నీ అక్కడే ఆగి అటునుంచి అటే వెనుదిరుగుతున్నాయి. ఇటీవల చెరువు కట్ట వైపు నడిచి వెళ్లినప్పుడు, ఒక గుడి పైకప్పు సందుల్లో వేళ్లు దించిన రావి మొక్క చెట్టంతయి రాతి దూలాన్ని జానెడు పక్కకు నెట్టివేయడం, గర్భగుడిలో గుప్తనిధుల కోసం ఎవరో తవ్విన గోతిలో వాననీరు నిలిచి ఉండటం చూశాను; ద్వారబంధం మీది లతలు మాత్రం నిన్నమొన్న ఉలి దించినట్లే ఉన్నాయి. స్వాగత తోరణాలకు ఖర్చు పెట్టే ముందు ఈ చెట్లను వేళ్లతో సహా తొలగించి, జారిన రాళ్లకు అంకెలు వేసి నమోదు చేయించాలి. మలుపుల వద్ద తెలుగులో దారి చూపే పలకలు పెట్టి, పంచాయతీ ద్వారా స్థానికుడొకరిని కాపలాకు నియమించాలి. ఆ దూలం మరో వానాకాలానికి ఆగేలా లేదు కనుక పని ఈ వేసవిలోనే మొదలు కావాలి.
— ఒక పాఠకుడు, ములుగు