నమ్మవచ్చా అని అడగడానికి వచ్చిన మనిషి

ప్రియ మిత్రుడు శ్రీధర్‌కు,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా క్షమించు. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము, పాపకు పాలపళ్ళు ఊడుతున్నాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. మిగిలిన కుశల సమాచారమంతా ఇంకొక ఉత్తరంలో రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క సంగతి నీకు చెప్పేదాకా నాకు మనసు కుదుటపడదు.

మా పక్కింటి కుర్రవాడు ఇక్కడి అమెరికా వాయుసేన నేషనల్ గార్డులో చేరుతున్నాడు. అతనికి టాప్ సీక్రెట్ క్లియరెన్స్, అంటే దేశపు అతి రహస్య సమాచారం చూసే అనుమతి, ఇవ్వవచ్చునా అని తేల్చే విచారణలో భాగంగా, ప్రభుత్వం పంపిన ఒక పెద్దమనిషి మా తలుపు తట్టి, గుర్తింపు కార్డు చూపించి, ఆ పిల్లవాడి గురించి నాతో విడిగా మాట్లాడాలన్నాడు. ఒకరి నడవడికకు నన్ను సాక్షిగా నిలబెట్టారని చదవగానే నువ్వు ఎలా నవ్వుతావో ఇక్కడినుంచే నాకు వినబడుతోంది. పచ్చ డైరీ సంగతి ఆయనకు తెలియదు కదా, నువ్వు కూడా నోరు మూసుకో.

ఆయన చాలా మర్యాదగా కూర్చుని, ఈ అబ్బాయి మీకు ఎలా తెలుసు, తాగుతాడా, మత్తుమందుల జోలికి వెళతాడా, సంపాదనకు మించి ఖర్చు చేస్తున్నట్టు కనిపించిందా, విదేశీయులతో సన్నిహిత పరిచయాలు ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగాడు. నా యాసలో నేను "విదేశీ పరిచయాలేవీ గమనించలేదండీ" అని జవాబు చెబుతుంటే, ఆయన కలం ఒక్క క్షణం ఆగినట్టు నాకు అనిపించింది. చివరగా, దేశ రహస్యాలు ఇతని చేతికి ఇవ్వకూడదనడానికి మీకు తెలిసిన కారణమేమైనా ఉందా అని అడిగాడు. లేదని చెప్పాను. మంచి పిల్లవాడు, చలికాలంలో మా వాకిట్లో మంచు కూడా తనే తీస్తాడు. ఆ మాట కూడా ఆయన రాసుకున్నాడు.

ఈ వ్యవహారం ఎంత లోతుకు వెళుతుందో నాకు అంతకుముందు తెలియదు. అభ్యర్థి మొదట ఎస్‌ఎఫ్-86 అనే, నూరు పేజీలు దాటిన ఫారం నింపాలి. గత 10 ఏళ్ళలో ఎక్కడెక్కడ నివసించాడు, ఎవరి దగ్గర పనిచేశాడు, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడు అన్నదంతా అందులో ఉంటుంది. విచారణాధికారులు దాన్ని పట్టుకుని పోలీసు రికార్డులనూ, బాకీల చరిత్రనూ, నావంటి ఇరుగుపొరుగు మాటలనూ సేకరిస్తే, వేరొక అధికారి వాటిని 13 ప్రమాణాలతో తూచి నిర్ణయిస్తాడు. అప్పులకు ఇందులో చాలా ప్రాధాన్యం ఉంది, పీకలదాకా బాకీపడ్డవాణ్ణి కొనడం తేలిక అన్న భయం కొద్దీ. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లో, ఈగన్ అనే నౌకాదళ ఉద్యోగి కేసులో చెప్పింది. అనుమానం మిగిలితే అది దేశ భద్రత వైపే మొగ్గాలట.

ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాక నాకు, సైనిక రహస్యాలు బయటపెట్టి పట్టుబడిన జాక్ టెషేరా గుర్తుకువచ్చాడు. 2023 ఏప్రిల్‌లో పత్రికలన్నీ ఆ పేరుతో నిండిపోయినప్పుడు నేను పైపైన చూసి వదిలేశాను గాని, ఆ రాత్రి కూర్చుని వాయుసేన లోపలి తప్పులను విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక గురించీ, కోర్టు వ్యవహారం గురించీ దొరికినదంతా చదివాను. అప్పటినుంచి నాకు మరో ఆలోచన లేదు.

టెషేరా కూడా ఇలాంటి కుర్రవాడే. మసాచుసెట్స్ వాయుసేన నేషనల్ గార్డులో 2019లో చేరాడు, కేప్ కాడ్ దగ్గరి ఓటిస్ స్థావరంలో 102వ నిఘా విభాగంలో పనిచేశాడు, అరెస్టయ్యేనాటికి వయసు 21. నిఘా సమాచారాన్ని విశ్లేషించడం అతని పని కాదు, ఆ సమాచారం ప్రవహించే నెట్‌వర్కులు చెడిపోకుండా చూడడం మాత్రమే అతని పని. హైస్కూల్లో ఉండగా ఆయుధాల గురించి, పెట్రోలు బాంబుల గురించి మాట్లాడి సస్పెండ్ అయ్యాడు. ఆ మాటల కారణంగానే ఊరి పోలీసులు తుపాకీ లైసెన్సు ఇవ్వడానికి నిరాకరించారు. అయినా 2021లో టాప్ సీక్రెట్ క్లియరెన్స్ వచ్చింది. ఇక్కడే నేను చదువుతున్నది పక్కన పెట్టి కాసేపు పచార్లు చేశాను: తనకు సైన్యంలో దక్కిన నమ్మకాన్నే సాక్ష్యంగా చూపిస్తూ అతను ఆ లైసెన్సు కోసం మళ్ళీ అర్జీ పెట్టుకున్నాడు.

అతను రహస్యాలను శత్రుదేశానికి అమ్మలేదు, శ్రీధర్. డిస్కార్డ్ అనే ఇంటర్నెట్ కబుర్ల వేదికలో వీడియోగేములూ తుపాకులూ ఇష్టపడే కొద్దిమంది కుర్రవాళ్ళ గుంపు ఒకటుంది, వాళ్ళ ముందు గొప్పగా కనిపించడానికి పంచుకున్నాడు. మొదట్లో చదివినదాన్ని టైపు చేసి పెట్టేవాడు. తరువాత పత్రాలనే ముద్రించి, ఇంటికి తీసుకువెళ్ళి, ఫొటోలు తీసి పెట్టాడు. ఉక్రెయిన్ యుద్ధంలో ఎవరి బలగాలు ఎక్కడున్నాయో, ఏ ఆయుధాలు ఎలా చేరుతున్నాయో వాటిలో ఉంది. నేరం నేరమే, దాన్ని నేను తేలిక చేయడం లేదు, కాని దీన్ని జొనాథన్ టోబీతో పోల్చి చూడు. అతను నౌకాదళ అణు ఇంజనీరు. జలాంతర్గామి రహస్యాలున్న మెమరీ కార్డును 2021లో సగం పీనట్ బటర్ సాండ్‌విచ్‌లో దాచి డబ్బుకోసం అమ్మబోతే, కొనడానికి వచ్చినవాడు ఎఫ్‌బీఐ మనిషి. అప్పులూ, విదేశీ పరిచయాలూ, ఖర్చులూ అని అడిగే ఆ ప్రశ్నలన్నీ డబ్బుకు లొంగే అలాంటి మనిషిని పట్టుకోవడానికి తయారైనవి. మెప్పుకోసం నోరుజారేవాడి గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అదే 2021లో బ్రిటిష్ యుద్ధట్యాంకు వివరాల గురించి ఒక వీడియోగేము చర్చావేదికలో వాదన వస్తే, తనది నిజమని నిరూపించడానికి ఒకడు ఏకంగా సైనిక మాన్యువల్ పేజీలే పెట్టాడు. "ఉండండి, రుజువు తెస్తాను" అని అర్ధరాత్రి సైకిలెక్కిన వాడొకడు మన గదిలోనూ ఉండేవాడు. పేరు రాయను, ఉత్తరం వాడే చదువుతున్నాడు.

ఇంతకూ నా కడుపుమంట టెషేరా మీద కాదు, అతని చుట్టూ కూర్చున్నవాళ్ళ మీద. క్లియరెన్స్ ఉంటే చాలదు, ఆ కాగితం చదవవలసిన అవసరం తన పనిలో ఉండాలన్నది వాళ్ళ మొదటి నియమం. అయితే ఆ విభాగంలో, తమ పని ఆశయం అర్థమైతే ఉత్సాహంగా పనిచేస్తారని, నెట్‌వర్కు సిబ్బందిని కూడా నిఘా సమావేశాలకు రమ్మని ప్రోత్సహించారు; పిల్లికి పాలకుండ ఎక్కడుందో పిలిచి చూపించడం ఇదే. 2022 సెప్టెంబరులో అతను రహస్య సమాచారాన్ని చీటీ మీద రాసుకోవడం చూశారు. అక్టోబరులో ఒక సమావేశంలో మరీ వివరమైన ప్రశ్నలు వేస్తుంటే, ఇక లోతుగా తవ్వవద్దని ఆజ్ఞాపించారు. 2023 జనవరిలో తన పనికి సంబంధించని నిఘా సమాచారాన్ని తెర మీద చదువుతూ మళ్ళీ కనిపించాడు. రాత్రి షిఫ్టుల్లో పర్యవేక్షణ పలచగా ఉండేది, ఎవరు ఏం ముద్రిస్తున్నారో చూసే కట్టడి లేదు. సంగతి బాగా తెలిసిన కొద్దిమంది భద్రతాధికారులకు పూర్తిగా చెప్పలేదు. ఎందుకంటే, చెబితే వాళ్ళు అతిగా స్పందిస్తారేమోనని భయపడ్డారట! నేను ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. మనిషి లోపలికి అడుగు పెట్టకముందు పక్కింటివాళ్ళ దగ్గరకు కూడా మనిషిని పంపి తాగుడు గురించి ఆరా తీసే వ్యవస్థ, లోపలికి వచ్చినవాడు కళ్ళముందు చీటీ రాసుకుంటుంటే, పై గదిలో ఉన్నవాడికి ఆ మాట చేర్చలేకపోయింది.

2024 నవంబరులో న్యాయమూర్తి ఇందిరా తల్వానీ అతనికి 15 ఏళ్ళ శిక్ష వేసింది. ఆ పేరు చూసి నువ్వు వెంటనే వంశవృక్షం అడగవద్దు. అంతకుముందు, 2023 డిసెంబరులో వెలువడిన నివేదికతో పాటు, సార్జెంటు నుంచి కర్నల్ దాకా 15 మంది మీద క్రమశిక్షణ చర్యలు తీసుకున్నారు, ఒకరిద్దరి పదవులు పోయాయి. క్లియరెన్స్ ఉన్నవాళ్ళ మీద అయిదేళ్ళకొకసారి చేసే పునర్విచారణకు బదులు, ఈ గొడవకు ముందునుంచే నిరంతర పరిశీలన పెడుతూ వచ్చారు: అరెస్టయినా, అప్పు ఎగ్గొట్టినా కంప్యూటరు వెంటనే హెచ్చరిస్తుంది. మంచిదే. కాని పక్క కుర్చీలో కూర్చున్నవాడు చూసినదాన్ని ఏ కంప్యూటరు హెచ్చరిస్తుంది?

అన్నట్టు, ఈ ఫారాలన్నీ ఎక్కడికి పోతాయో తెలుసా? 2015లో ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి 2.15 కోట్ల మంది నేపథ్య వివరాలు దొంగిలించారని బయటపడింది, వాటితో పాటు 56 లక్షల మంది వేలిముద్రలు కూడా. నమ్మదగినవాళ్ళెవరో తేల్చడానికి పోగుచేసిన సమాచారమే దొంగల పాలైంది. మంచు తీసే మంచి పిల్లవాడని నేను చెప్పిన మాట కూడా ఇప్పుడు ఏదో ఒక పెట్టెలో...

పోనీ అదలా ఉంచు. ఆ కుర్రవాడి తండ్రి నిన్న కంచె దగ్గర నిలబడి, వాళ్ళు ఏమడిగారని నన్ను మెల్లగా అడిగాడు. నేను వాతావరణం గురించి మాట్లాడాను. ఇదంతా మొదట నీకే రాస్తున్నాను, అందులోని వైపరీత్యం నువ్వు ఎత్తిచూపకముందే నేనే ఒప్పుకుంటున్నాను.

ఇంకా రియాలిటీ విన్నర్ అనే పేరుగల అమ్మాయి సంగతి రాయాలి. ఆమెది మరీ విచిత్రం: వాయుసేనలో భాషా నిపుణురాలిగా పనిచేసి, తరువాత 2017లో కాంట్రాక్టు ఉద్యోగంలో ఉండగా ఒకే ఒక్క రహస్య నివేదిక ముద్రించి వార్తాసంస్థకు పోస్టులో పంపింది. ఆ కాగితాన్ని ముద్రించినవాళ్ళు ఆరుగురే, అందులో ఆ సంస్థతో ఆఫీసు కంప్యూటరు నుంచి ఈమెయిలు నడిపింది ఆమె ఒక్కతే, ఇట్టే దొరికిపోయింది. ఒక్క పత్రానికి 5 ఏళ్ళ 3 నెలలు. మరి కొలత ఏమిటి, పేజీల లెక్కా, ఉద్దేశమా, జరిగిన నష్టమా అన్నది నాకు... బడి బస్సు వచ్చేసింది, పాప హారన్ కంటే గట్టిగా అరుస్తోంది, ఇక్కడితో ఆపుతున్నాను.

నీ
సుబ్బు