‘పరిష్కరించబడింది’ అని మీరు మూసేసిన నా ఫిర్యాదు గురించి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. మీ పేరు మీ వెబ్‌సైటులో ఎంత వెతికినా కనపడలేదు, అందుకని పదవితోనే పిలుస్తున్నాను. మీరు మనిషేనని నమ్మి రాస్తున్నాను. ఎందుకంటే ఈ 37 రోజుల్లో మీ కంపెనీ తరఫున నాతో మాట్లాడినవాళ్లలో సగంమంది మనుషులు కారు. మిగతా సగంమంది మనుషులే గానీ అలా మాట్లాడలేదు.

సరుకు సంగతి ముందే చెప్పేసి పక్కన పెడతాను. మా అమ్మాయి భీమవరంలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వాళ్ల హాల్లో తగిలించడానికి మూడడుగుల కాన్వాసు మీద గోదావరి చేద్దామని కూర్చున్నాను. మీ టెక్స్చర్ పేస్టుతో (బొమ్మ మీద ఉబ్బెత్తుగా పామే ముద్ద) అలలు, ఒడ్డున జల్లించిన ఇసుక, కొబ్బరి పీచుతో చెట్లు, చిప్ప ముక్కలతో పడవ, నురగకి నర్సాపురం లేసు. పేస్టు ఆరాక పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, దాంతోపాటే లేసూ పడవా ఊడొచ్చేశాయి. డబ్బా చెడ్డదొచ్చింది, అంతే. వస్తుంటాయండి. కొబ్బరికాయల్లో కుళ్లుకాయ రాదా? వచ్చిందని చెబితే మా అంబాజీపేటలో కాయలమ్మేవాడు మారుమాట లేకుండా ఇంకోటి చేతిలో పెడతాడు. ఆ డబ్బా గురించి నేనీ ఉత్తరం రాయడం లేదు.

మొదటిసారి ఫోన్ చేసింది ఆషాఢం రెండో రోజున. తెలుగుకి నాలుగు నొక్కమన్నారు, నొక్కాను. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అన్న మాట వింటూ ఇరవై రెండు నిమిషాలు కూర్చున్నాను. ఈలోగా స్టవ్ మీద పప్పు అడుగంటింది. చివరికి ఒకబ్బాయి వచ్చి హిందీలో పలకరించాడు. నాలుగు నొక్కాను బాబూ అంటే, ‘తెలుగు ఏజెంట్ బిజీ’ అన్నాడు. నాకొచ్చిన హిందీ దూరదర్శన్ నేర్పినంత. దాంతోనే చెప్పుకున్నాను. ‘సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియెన్స్’ అని పదకొండు సార్లు అన్నాడు. క్యాలెండరు పక్కన గీతలు గీసి లెక్కపెట్టాను లెండి, చేతిలో ఇంకో పని లేదు కదా. చివర్న టికెట్ నంబరిచ్చి, 48 గంటల్లో మా టీమ్ మాట్లాడుతుందన్నాడు.

టీమ్ మాట్లాడలేదు. అయిదో రోజున నేనే చేశాను. ఈసారి ఒకమ్మాయి, తెలుగే. ప్రాణం లేచొచ్చింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: ‘అన్‌బాక్సింగ్ వీడియో ఉందా మేడమ్?’ పార్సిల్ విప్పుతూ వీడియో తీసుకోవాలట! పెళ్లిలో పందిరిరాట వేసినప్పుడు కూడా మేం వీడియో తీయించలేదమ్మా, పేస్టు డబ్బాకి తీయిస్తామా అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ‘అయితే పాలసీ ప్రకారం కుదరదు’ అని పెట్టేసింది.

మూడో ఆయన సాంకేతిక నిపుణుడట. ‘మీ దగ్గర ఏదైనా నది ఉందా మేడమ్?’ అన్నాడు. ఉంది బాబూ, దాన్ని గోదావరంటారు, మేముండేది పి.గన్నవరం దగ్గర అన్నాను. ‘అదే, తేమ ఎక్కువ. అది కస్టమర్ సైడ్ ఇష్యూ’ అని తేల్చేశాడు. నాకిక్కడ మండింది. తేమ గురించి కోనసీమ వాళ్లకి మీరు చెప్పాలా? పల్చగా పూత వేసి, ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనిచ్చి, ఆ పైన రెండో పూత వేస్తాం. ఒకేసారి మందంగా పామేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుందని పదో తరగతి పిల్లలకి కూడా నేనే చెబుతాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు కిందికి వదిలారు. లంకల్లో జనం పడవలెక్కారు. మా ఇంట్లో గోడలు చెమర్చాయి. కరెంటు పోయి, వచ్చి, పోయి, అలాంటి వారంలో మీ పేస్టుతోనే చేసిన నెమలి ఇప్పటికీ మా వరండాలో తోక విప్పుకునే ఉంది. ఒక్క ఈక రాలలేదు. ఆ ఏడాది తేమ ఎక్కడికెళ్లిందో కొంచెం మీ నిపుణుణ్ణి కనుక్కుని చెప్పండి.

అప్పటికి ఎవరో దయతలచి డబ్బా వెనక్కి తీసుకెళ్తామన్నారు. అసలు తమాషా ఇక్కడ మొదలైంది. చిరునామా చెప్పమన్నారు. కోనసీమ జిల్లా అన్నాను. ‘అలాంటి జిల్లా లిస్టులో లేదు మేడమ్.’ లేకపోవడమేంటండీ, 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అమలాపురంలో కలెక్టరుగారు కూడా ఉన్నారు! ‘లిస్టులో ఉన్నవాటిలోంచి చెప్పండి మేడమ్.’ సరే, తూర్పు గోదావరి రాసుకోమన్నాను, నాకూ పాత అలవాటే. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, అంటించిన అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని, పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరింటిదాకా కూర్చున్నాను. మా ఆడపడుచుగారి మనవరాలి బారసాలకి కూడా వెళ్లలేదు. ఆరున్నరకి మెసేజ్: ‘పికప్ విఫలం. కస్టమర్ అందుబాటులో లేరు.’ ఆరా తీస్తే ఆ కుర్రాడు రాజమండ్రిలో నాకోసం వెతికాడట. పాపం అతని తప్పేముంది, మీరు చెప్పిన చోటికే వెళ్లాడు.

మా ఊరి అక్విడెక్టు (కాలువని మోసే వంతెన) మీంచి కాలువ గోదావరి పాయ వైనతేయని దాటి అవతల లంకలోకి వెళ్తుంది. కాటన్ దొర కాలంలోనే నది నెత్తిమీంచి నీళ్లు దాటించారు. మీరు నా ఫిర్యాదుని ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదికి దాటించలేకపోయారు.

తర్వాత వాట్సాప్‌లో రాయమన్నారు. పెచ్చులూడిన కాన్వాసు ఫొటో పంపాను. క్షణంలో జవాబు! ‘వావ్! మీ సృజన అద్భుతం! మా పేజీలో పంచుకుని బహుమతులు గెలుచుకోండి!’ దాని కింద మూడు పువ్వుల బొమ్మలు. ఆ ఫొటో మా వీధిలో ఎవరికి చూపించినా ‘అయ్యో’ అన్నారు. మీ మరమనిషొక్కటే మెచ్చుకుంది.

మీకు మెయిల్ కూడా పెట్టాను, రెండుసార్లు. మూడో రోజుకి ‘మీ టికెట్ పరిష్కరించబడింది, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు?’ అని వచ్చింది. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో నాకు తెలియదు. ఒక నక్షత్రమిచ్చాను. సున్నా ఇవ్వడానికి వీల్లేదు మరి. పది నిమిషాలు కాలేదండీ, ఫోన్ మోగింది. మీ ఆఫీసే! చక్కటి తెలుగు, ఎంత మర్యాదో. ‘అమ్మా, ఆ రేటింగ్ కొంచెం మార్చగలరా?’ నెలరోజుల్లో మీ అంతట మీరు నాకు ఫోన్ చేసింది ఆ ఒక్కసారే. మరి నా పేస్టు సంగతి అంటే, ‘అది వేరే డిపార్ట్‌మెంట్ అమ్మా’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా బొమ్మ పోయినందుకు కాదు. నా గొంతు మీకు వినపడుతోందనీ, ఇన్నాళ్లూ వినపడనట్టు ఊరుకున్నారనీ అప్పుడు తెలిసింది.

2017 నుంచి మీ సరుకే వాడుతున్నాను. మొదట కాకినాడ షాపులో కొనేదాన్ని, తర్వాత మీ వెబ్‌సైటులో. ప్రైమరు, జెల్, వార్నిషు, గోల్డ్ ఫాయిల్, ఏదైనా మీదే. వేసవి సెలవుల్లో మా అరుగు మీద నేర్చుకోవడానికొచ్చే తొమ్మిదిమందికీ ‘చవకది కొనకండర్రా, ఇదే కొనండి’ అని మీ తరఫున పోట్లాడాను. మీరు నాకు జీతమిచ్చి కూడా అంత ప్రచారం చేయించుకోలేరు. ఈ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మా ఇంటికి పేరంటానికి ముప్పైమంది ముత్తయిదువలు వస్తారు. ఒక్కొక్కరికీ తాంబూలం, శనగలు, వాటితోపాటు మీ కథ ఇచ్చి పంపుతాను. అమలాపురం నుంచి రాజోలు దాకా పాకడానికి ఆదివారం పట్టదు.

మా వీధి చివర రిటైరైన ప్లీడరు గుమాస్తాగారున్నారు. ఆయన చెప్పింది కూడా వినండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలట, నెలరోజుల్లో తేల్చాలట. అందిందని మీ యంత్రం 48 సెకన్లలోనే చెప్పింది, ఆ మెచ్చుకోలు మీకు దక్కాల్సిందే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేను కేసు వెయ్యడానికి మీ మహానగరానికి రానక్కర్లేదు, నేనుండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యొచ్చు. అయిదు లక్షల లోపు సరుక్కి రుసుము కూడా కట్టక్కర్లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడైనా నాలుగు నొక్కితే తెలుగు పలుకుతుందేమో చూద్దాం.

డబ్బా ఖరీదు 640 రూపాయలు. అది మీరే ఉంచుకోండి, మీ మరమనిషికి పూలు కొనిపెట్టండి అందామనుకున్నాను. కానీ ఎందుకు వదలాలి? అదీ ఇవ్వండి, కాన్వాసు ఖరీదూ ఇవ్వండి. లేసుకి మీరు వెల కట్టలేరు, మా అత్తగారు నర్సాపురంలో కొని దాచుకున్న ముక్క అది. వీటన్నిటికన్నా ముందు మీ ఆఫీసులో పేరున్న మనిషెవరైనా నాకు ఫోన్ చేసి, నేను చెప్పేది చివరిదాకా వినాలి. కావాలంటే ఒక్క ‘సారీ’ చాలు, పదకొండు వద్దు.

గృహప్రవేశం శ్రావణం మొదటి వారంలోనే అయిపోయింది. గోదావరి కోసం అల్లుడు కొట్టిన మేకుకి ప్రస్తుతం కో-ఆపరేటివ్ బ్యాంకు క్యాలెండరు వేలాడుతోంది.

ఇట్లు,
మీ లిస్టులో లేని జిల్లా నుంచి,
మీ పాత కస్టమరు

తా.క.: ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, రసీదు దాచుకున్నాను. ఫోన్ చేసేటట్టయితే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా చెయ్యకండి, పడుకుంటాను.